పదునాలుగు తరువాత పదిహేను: ఇన్కా పాలకుల ముద్రిత చిత్రాలు – ఒక పరిశీలన

స్పెయిన్ ఆక్రమణానంతరం యూరప్‌లో అచ్చయిన ఇన్కా పాలకుల చిత్రాలను గురించిన చర్చ తరచుగా ఒకే ప్రశ్న వద్ద ఆగిపోతుంది: ఆ ముఖాలు నిజమైనవేనా? ఆంద్రె తెవె 1584లో పారిస్‌లో వెలువరించిన ప్రసిద్ధ పురుషుల చిత్రచరిత్రలో అతహువాల్పా బొమ్మ ఉంది. తెవె బ్రెజిల్ తీరానికి వెళ్ళినవాడే గాని పెరూను చూసినవాడు కాడు. 1533లో కహమార్కాలో స్పానియార్డులు చంపిన ఆ రాజును చూసే అవకాశం అతనికి లేనే లేదు. పోలికను గురించిన ప్రశ్న ఇంతటితో తీరిపోతుంది. ఆ ముఖాలను ఏ చట్రంలో, ఏ వరుసలో నిలిపారన్నది ఇంతకంటె లోతైన ప్రశ్న.

ఇన్కా సంప్రదాయంలో దివంగత రాజు సాన్నిధ్యం ముఖచిత్రంలో లేదు. భద్రపరచిన దేహానికి వస్త్రాలు కట్టి ఉత్సవాలకు తెచ్చేవారు, అన్నపానాలు అర్పించేవారు. ‘సోదరుడు’ అనే అర్థంగల హువావుకె అన్న ప్రతిరూపం కూడ రాజుకు ఉండేది. దానికి మానవాకృతి ఉండవలెనన్న నియమం లేదు. ఆ రాజదేహాలను 1559లో పోలో దె ఒందెగార్దో వెదకి పట్టి స్వాధీనం చేసుకొన్నాడు. 1572లో వైస్రాయి తొలేదో కుస్కోలో ఇన్కా వంశావళిని వస్త్రాలపై చిత్రింపజేసి, ఆ వంశీయుల చేతనే సరియైనవని చెప్పించి, రెండవ ఫిలిప్‌కు పంపాడు. చివరి ఇన్కా తుపాక్ అమారుకు అదే వైస్రాయి శిరచ్ఛేదం చేయించినదీ ఆ సంవత్సరమే. దేహాలు తొలగిన చోటికే బొమ్మలు వచ్చాయన్నమాట. ఆ వస్త్రాలు నేడు లేవు; 1615లో వెలువడిన ఎర్రేరా చరిత్రలోని ఇన్కా రాజుల వరుసకు అవే మూలమై ఉండవచ్చునని పండితుల ఊహ.

నుదుటి ఎర్రకుచ్చు మస్కైపాచ వంటి రాజచిహ్నాలను కొందరు చిత్రకారులు శ్రద్ధగానే నిలిపారు. కాని ఛాతీవరకు చూపే ఆ బొమ్మ, దానికి కట్టిన చట్రం రోమన్ చక్రవర్తుల నాణెపు సంప్రదాయానివి. వేషం ఇన్కాలది, వ్యాకరణం యూరప్‌ది.

ఈ వ్యాకరణపు రాజకీయం స్పష్టంగా బయటపడేది 1748లో. హోర్హె హువాన్, ఉల్యోవాల యాత్రాగ్రంథం కోసం పలొమినో చెక్కిన ఫలకంలో మాంకో కాపక్ మొదలు అతహువాల్పా వరకు పదునలుగురు ఇన్కాలు. పదిహేనవ చక్రవర్తి స్పెయిన్‌ను ఏలిన చార్లెస్. ఇరువదిరెండవవాడు ఆనాటి రాజు ఆరవ ఫెర్డినాండ్. పదునాలుగుకు, పదిహేనుకు మధ్య ఖాళీ లేదు. కహమార్కాలోని హత్య ఒక అంకె మారినంత సహజంగా కనిపిస్తుంది. ఆక్రమణను వారసత్వంగా మార్చడానికి ఇంతకంటె పొదుపైన సాధనం దొరకదు.

అయితే వరుసకు రెండు కొనలుంటాయి. స్పెయిన్ రాజు ఇన్కాలకు వారసుడైతే, ఇన్కా రక్తం గలవారి హక్కు ఏమైనట్లు? పెరూలోని కురాకలు తమ ఇళ్ళలో ఇన్కాల వర్ణచిత్రాలను వంశగౌరవానికి సాక్ష్యంగా నిలుపుకొన్నారు. ఈ చిత్రాలను విధేయతకు గుర్తుగా మాత్రమే చదివే వ్యాఖ్యానం ఇక్కడ తడబడుతుంది. 1780లో రెండవ తుపాక్ అమారు తిరుగుబాటు చేసినప్పుడు ఆ వంశాన్నే చెప్పుకొన్నాడు. 1781లో అతనికి మరణశిక్ష విధించిన తీర్పులో అరేచె ఇన్కా దుస్తులతోపాటు చిత్రాలనూ నిషేధించాడు; గోడలపై ఉన్నవాటిని ఆనవాలు మిగలకుండ చెరిపివేయమన్నాడు. పలొమినో ఫలకం అచ్చయి అప్పటికి ముప్పది మూడేళ్ళు.