పాత ఇరుసుకు కొత్త పరీక్ష: తుక్కు సామాను ట్రెయిలర్‌పై ఒక విమర్శ

హైదరాబాదు పాతబస్తీకి ఆగ్నేయదిశలో కంచన్‌బాగ్ ఉన్నది. అక్కడి ఎత్తయిన ప్రాకారాలలో ఒకదాని వెనుక మిశ్రధాతు నిగమ్ అనే ప్రభుత్వ కర్మాగారం ఉన్నది. జనం దీనిని మిధాని అంటారు. 1973లో స్థాపితమైన ఈ సంస్థలో టైటేనియం మిశ్రలోహాలు, మిక్కిలి వేడిని తట్టుకొనే నికెల్ మిశ్రలోహాలు, రాకెట్ మోటారు కవచాలకు కావలసిన మారేజింగ్ ఉక్కు తయారవుతాయి. ఇట్టి లోహాన్ని కరగించిన ప్రతిసారీ ఆ పోతకు ఒక సంఖ్య వేస్తారు. అందులో ఏ మూలకం ఎంత ఉన్నది, ఏ వేడిలో ఎంతసేపు ఉంచారు, ఎంత బలానికి తెగినది అనే వివరాలన్నీ ఆ సంఖ్యను పట్టుకొని తెలుసుకొనవచ్చును. అది ఆ లోహానికి జాతకం వంటిది.

ప్రాకారం దాటి పాతబస్తీ వీధులలోనికి వస్తే మరొక రకం లోహవిద్య కనిపిస్తుంది. పాత వాహనాలను విప్పి, ఇరుసులు ఒకచోట, కమాను కట్టలు ఒకచోట, చక్రాలు ఒకచోట పేర్చి అమ్మే దుకాణాలు ఉంటాయి. వాటిని కొలిచి, కోసి, అతికి, మళ్ళీ రోడ్డెక్కించే వెల్డింగు మేస్త్రీలు ఉంటారు. ఇక్కడ కొన్న ఇరుసుకు జాతకం లేదు. అది ఎన్ని వేల కిలోమీటర్లు తిరిగినదో, ఎంత బరువు మోసినదో, ఏ ప్రమాదంలో వంగి మళ్ళీ సరిచేయబడినదో అమ్మేవానికీ తెలియదు, కొనేవానికీ తెలియదు. ఇట్టి సామానుతో ఇంటివద్దనే తయారుచేసే ట్రెయిలర్‌ను ఈ వ్యాసంలో విమర్శకు తీసికొందాము.

విమర్శ అంటే తప్పులెన్నడమే కాదు. ఇట్టి వస్తువు ఏదైనా ప్రదర్శనలో కనిపిస్తే మనం సాధారణంగా రెండు మాటలతో సరిపెడతాము: “ఎంత చవకగా చేశాడో!”, “వ్యర్థాన్ని సంపదగా మార్చాడు!” ఈ రెండు మాటలలో విజ్ఞానశాస్త్రం ఎక్కడా లేదు. చేసినవాని నేర్పును గౌరవించాలంటే అతడు చేసిన దానిని శాస్త్రంతో తూచి చూడాలి.

మన ముందున్న నమూనా ఇది. పాత జీపు వెనుక ఇరుసు ఒకటి, దాని మీద రెండు కమాను కట్టలు, వాటిపై యాంగిల్ ఇనుముతో అతికిన చట్రం, చట్రం మీద రేకు తొట్టి, ముందుకు చాచిన ఇనుప దూలం, దూలం కొసన లాగే వాహనానికి తగిలించే కొక్కెం. ఇది మన పల్లెలకు కొత్త కాదు. కొయ్య చక్రాల బండికి బదులు పాత మోటారు ఇరుసు, గాలి టైర్లు అమర్చిన టైరుబండిని మన రైతులు ఎన్నో ఏళ్ళుగా ఎద్దులతో నడుపుతున్నారు. ఎద్దు స్థానంలో ట్రాక్టరో, జీపో వచ్చినప్పుడు అదే ట్రెయిలర్ అయినది.

మొదట దీని గుణాలు చెప్పుకొనవలె. పాత ఉక్కును మళ్ళీ వాడడానికి రెండు దారులున్నవి. ఒకటి, కొలిమిలో వేసి కరగించడం. దీనికి విద్యుత్ కొలిమిలో టన్నుకు సుమారు 500 యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది. కరగినప్పుడు పాత పగుళ్ళు, వంకరలు అన్నీ మాసిపోతాయి. అయితే తుక్కుతోపాటు వచ్చిన తీగల రాగి మాత్రం ఉక్కులోనే మిగులుతుంది. సాధారణ ఉక్కు తయారీ పద్ధతులతో దానిని వేరు చేయలేము. రాగి మితిమీరితే ఉక్కును వేడిచేసి సాగదీసేటప్పుడు పైభాగం చిట్లుతుంది. రెండవ దారి, ఇరుసును ఇరుసుగానే వాడుకొనడం. దీనిలో కొలిమి ఖర్చు లేదు. ఇరుసును చెక్కడానికి, బేరింగుల చోటు నునుపు చేయడానికి వెనుకటి కర్మాగారం పడిన శ్రమ కూడా దక్కుతుంది. తుక్కు ట్రెయిలర్ ఎన్నుకొన్నది ఈ రెండవ దారి. ఇది నిజంగా తెలివైన దారి. కాని ఆకారంతోపాటు ఆ ఇరుసు గతం కూడా మన వాకిట్లోకి వస్తుంది.

ఆ గతాన్ని లెక్కించడం ఇరుసుల వల్లనే మానవునికి తెలిసివచ్చినది. 1842 మే 8న వెర్సాయ్ నుండి పారిస్ వస్తున్న రైలుకు మ్యూడాన్ వద్ద ఇంజను ఇరుసు విరిగినది. యాభైమందికి పైగా మరణించారు. ఇరుసు మోస్తున్న బరువు దాని బలానికి మించినది కాకపోయినా అది విరగడం ఏమిటని నాటి ఇంజనీర్లు ఆలోచనలో పడ్డారు. తరువాత జర్మనీ రైల్వే ఇంజనీరు ఆగస్ట్ వోలర్ ఇరుసులను తిప్పి తిప్పి పరీక్షించి 1858, 1870 సంవత్సరాల మధ్య ఫలితాలను ప్రకటించాడు. ఒక్కసారి మోపితే ఏమీ కాని బరువు కూడా లక్షలసార్లు మోపి తీస్తే ఉక్కును విరుస్తుంది. దీనినే లోహపు అలసట అంటాము. వోలర్ మరొకటి కూడా కనిపెట్టాడు: ప్రతిబలం, అంటే వైశాల్యంలో ఒక్కొక్క పాలుపై పడే బలం, ఒక హద్దుకు లోబడి ఉన్నంతకాలం ఉక్కు ఎన్నిసార్లయినా ఓర్చుకొంటుంది.

ఈ జ్ఞానంతో మన జీపు ఇరుసును చూద్దాము. కొన్ని వాహనాలలో చక్రాన్ని తిప్పే కడ్డీయే బండి బరువును కూడా మోస్తుంది. అది తిరిగిన ప్రతి చుట్టుకూ దానిపై ప్రతి బిందువు ఒకసారి సాగి, ఒకసారి నొక్కుకొంటుంది. చక్రం చుట్టుకొలత 2 మీటర్లయితే కిలోమీటరుకు 500 చుట్లు. లక్ష కిలోమీటర్లకు 5 కోట్ల చుట్లు! అన్ని చుట్లు తిరిగి విరగలేదంటే జీపు బరువు వోలర్ చెప్పిన హద్దుకు లోపలే ఉన్నదన్నమాట. కాబట్టి పాతదల్లా బలహీనమనే భయం సరి కాదు. ఆ ఇరుసు ఒక కఠినమైన పరీక్షలో ఉత్తీర్ణమైనది.

అయితే అది వ్రాసిన పరీక్ష ఏది? జీపు బరువుకు, జీపు రోడ్డుకు వ్రాసిన పరీక్ష అది. దానిపై రెండింతల ఇసుకను పోసినప్పుడు పాత యోగ్యతాపత్రం చెల్లదు. తుప్పు తిన్న గుంటల వద్ద ప్రతిబలం పెరిగి ఓర్పు హద్దు కూడా తగ్గిపోతుంది. చట్రంలోని వెల్డింగు అతుకుల సంగతి ఇంకా కఠినం. అక్కడ మారుతూ ఉండే ప్రతిబలం రెట్టింపైతే ఆయువు సగానికి కాదు, దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. కాబట్టి తుక్కు ట్రెయిలర్‌ను చూసినప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న: ఈ భాగం వెనుక ఏ పని చేసినది, ఇప్పుడు ఏ పని చేస్తున్నది?

రెండవ లోపం కమాను కట్టల వద్ద కనిపిస్తుంది. చట్రానికి వాడే మెత్తని ఉక్కులో కర్బనం సుమారు 0.2 శాతం, కమాను ఉక్కులో 0.5 శాతానికి పైన ఉంటుంది. మన కమ్మరులు పాత లారీ కమాను పట్టీలను కాల్చి కొడవళ్ళు, కత్తులు చేయడం అందరూ ఎరిగినదే. ఎర్రగా కాలి తటాలున చల్లారితే ఆ ఉక్కు గట్టిపడి పదును నిలుపుతుంది. కొడవలికి వరమైన ఈ గుణమే వెల్డింగుకు శాపం. కమాను పట్టీని నేరుగా చట్రానికి అతికితే, అతుకు పక్కన కాలిన భాగం చుట్టూ ఉన్న చల్లని లోహం వల్ల వేగంగా చల్లారి గాజువలె పెళుసవుతుంది. కమానును బోల్టులతో, బిగింపు పట్టీలతో కట్టడమే సరియైన పద్ధతి. పైగా లారీ కమానును చిన్న తొట్టికి వేస్తే అది వంగనే వంగదు. ప్రతి గుంట దెబ్బ తిన్నగా చట్రానికే తగులుతుంది.

మూడవది బరువు ఉంచే చోటు. దీనిని తొమ్మిదో తరగతి విద్యార్థి కూడా లెక్క కట్టగలడు. కొక్కెం నుండి ఇరుసుకు దూరం 250 సెంటీమీటర్లు, మొత్తం బరువు 500 కిలోలు అనుకొందాము. గరిమనాభి ఇరుసుకు 25 సెంటీమీటర్ల ముందున్నదనుకొంటే, కొక్కెంపై పడే భారం 500ను 25తో గుణించి 250తో భాగించగా 50 కిలోలు. ఇది మొత్తంలో పదోవంతు, మంచి అమరిక. అదే 25 సెంటీమీటర్లు వెనుకకు జరిగితే కొక్కెం 50 కిలోల బలంతో పైకి లేస్తుంది. లాగే వాహనం వెనుక చక్రాలకు పట్టు తగ్గి, వేగం పెరిగినకొద్దీ ట్రెయిలర్ పాము నడక నడుస్తుంది. ఎంత గట్టి ఉక్కు వాడినా ఈ తప్పు దిద్దుకొనదు.

నాలుగవది బ్రేకు. ఇంట చేసిన ట్రెయిలర్లకు ఇది తరచుగా ఉండదు. 2 టన్నుల ట్రాక్టరు ఒక వేగం నుండి 10 మీటర్లలో ఆగుతుందనుకొందాము. దానికి బ్రేకులేని 4 టన్నుల ట్రెయిలర్ తగిలిస్తే ద్రవ్యరాశి మూడింతలవుతుంది, ఆపే బలం మాత్రం అంతే. ఆగే దూరం 30 మీటర్లు. తొట్టిలో కూలీలు ఎక్కి ఉన్నప్పుడు ఈ అదనపు 20 మీటర్ల అర్థమేమిటో వేరే చెప్పనక్కరలేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ట్రెయిలర్‌ను కూడా మోటారు వాహనంగానే లెక్కించడంలో ఔచిత్యం ఇదే.

తుక్కుతో చేసిన వాహనాలన్నిటికీ ఇదే కొలబద్ద పెట్టాలా అని ఎవరైనా అడగవచ్చును. పాతబస్తీలోనే బహదూర్‌పురాలో సుధాకర్ యాదవ్ 2010లో నెలకొల్పిన సుధా కార్ల మ్యూజియం ఉన్నది. పుస్తకం, బంతి, బూటు మొదలగు ఆకారాలలో, చాలావరకు తుక్కు సామానుతో ఆయన చేసిన వాహనాలు అక్కడ ఉన్నవి. 2005 జూలై 1న హైదరాబాదులో ఆయన తొక్కి చూపిన మూడు చక్రాల సైకిలు 12.67 మీటర్ల ఎత్తున్నది. ప్రపంచంలో అతి పెద్దదిగా గిన్నిస్ గుర్తింపు పొందినది. అవి ప్రజలకు చూపి ఆనందపరచడానికి నెమ్మదిగా నడిచే వాహనాలు. వాటి పరీక్ష వేరు. ఆ పరీక్షలో అవి నెగ్గినవి. ఇటుకలూ మనుషులూ ఎక్కే ట్రెయిలర్ వ్రాయవలసిన పరీక్ష వేరు. ఒకదాని కీర్తిని చూపి రెండవదానికి మార్కులు వేయరాదు.

ఇక మన పాఠశాలలలో చేయదగిన పని ఒకటి ఉన్నది. పూర్వం రైల్వే వర్క్‌షాపులలో పగుళ్ళు పట్టుకొనడానికి వాడిన పద్ధతిని ఉపాధ్యాయులు తేలికగా చేసి చూపవచ్చును. పాత బోల్టునో, ఇరుసు ముక్కనో శుభ్రం చేసి, కొంతసేపు కిరోసిన్‌లో నానవేసి, పొడిగా తుడిచి, పైన సుద్దపొడి పలుచగా పూయాలి. పగులు ఉంటే అందులో దాగిన కిరోసిన్ మెల్లగా బయటికి ఊరి, సుద్దపై తడి గీత కనిపిస్తుంది. మంటకు దూరంగా, ఉపాధ్యాయుని ఎదుటనే దీనిని చేయవలె. లోపల మూసుకొని ఉన్న పగుళ్ళను ఇది చూపలేదన్న సంగతి కూడా పిల్లలకు చెప్పవలె.

ప్రదర్శనలో ఎవరైనా తుక్కు ట్రెయిలర్ నమూనా తెస్తే దాని ఖర్చు ఎంత అని అడిగే ముందు నాలుగు ప్రశ్నలు అడుగుదాము. ఈ భాగం పాత పని ఏది? కొత్త పని ఏది? గరిమనాభి ఎక్కడ? ఆపేది ఏది? వీటికి సమాధానాలను ఒక కాగితంపై వ్రాసి నమూనా పక్కన ఉంచిన విద్యార్థికి మొదటి బహుమతి ఇవ్వవచ్చును. జాతకం లేని ఇనుముకు అతడు కొంతవరకైనా జాతకం వ్రాసినవాడవుతాడు. మిధాని లోపల పోతపోతకూ సంఖ్య వేసి చేసే పని కూడా అదే.