కండ ఖరీదు ఎన్ని పాయింట్లు?

నాచారం మెయిన్ రోడ్డు నుంచి ఉప్పల్ రింగ్ రోడ్డు దాకా ఉన్న జిమ్ముల్లో కుర్రాళ్ల కోరికలు రెండు. బాడీ పెరగాలి, పరుగులో వేగమూ ఉండాలి. రెండూ కలిసి రావని ఒక ట్రైనర్ అంటాడు. ఒలింపిక్స్ వందమీటర్ల వాళ్ల తొడలు చూడలేదా అని ఇంకొకడు అడుగుతాడు. ఇద్దరిదీ సగం నిజమే. మిగతా సగం వాదనతో తేలేది కాదు, లెక్క వేస్తే తేలుతుంది. ఆ లెక్క హెప్టాథ్లాన్ పాయింట్ల పట్టికలో ఉంది.

ఆ పట్టికతో రోజూ పనిపడే తెలుగమ్మాయి అగసర నందిని. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదువుకుంది. మొదట 100 మీటర్ల హర్డిల్స్‌లో పేరు తెచ్చుకుని తర్వాత ఏడు అంశాల ఆట అయిన హెప్టాథ్లాన్‌లోకి వచ్చింది. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 5712 పాయింట్లతో కాంస్యం, 2025లో దక్షిణ కొరియాలోని గుమిలో ఆసియా చాంపియన్‌షిప్స్‌లో 5941తో స్వర్ణం గెలిచింది. ఈ ఆటలో మొదటి రోజు హర్డిల్స్, హైజంప్, షాట్‌పుట్, 200 మీటర్లు. రెండో రోజు లాంగ్‌జంప్, జావెలిన్, 800 మీటర్లు. నాలుగు కిలోల గుండును తోసే భుజమూ, హైజంప్‌లో ఆ ఒంటిని కర్ర మీదుగా దాటించే కాలూ ఒకే మనిషివి. కండకూ వేగానికీ ఉన్న తగవు ఇంత నిక్కచ్చిగా బయటపడే ఆట ఇంకొకటి లేదని నా అభిప్రాయం.

ముందు కండ నిర్మాణం చూద్దాం. కండరం సన్నని పోగుల కట్ట. పోగుల్లో మెల్లగా ముడుచుకుని చాలాసేపు అలవకుండా పనిచేసేవి కొన్ని, చటుక్కున ముడుచుకుని త్వరగా అలసిపోయేవి కొన్ని. బరువులు ఎత్తినప్పుడు ఎక్కువగా లావెక్కేది ఈ రెండో రకమే. పరుగుకు కావలసిందీ అదే. ఇద్దరు ట్రైనర్లలో రెండోవాడి మాట ఇక్కడ నెగ్గుతుంది.

అయితే పోగు లావు ఒక్కటే సరిపోదు. మంచి స్ప్రింటర్ పూర్తి వేగంలో ఉన్నప్పుడు పాదం నేలను తాకి ఉండేది సెకనులో పదో వంతు మాత్రమే. ఆ వ్యవధిలోనే ఒంటి బరువుకు ఎన్నో రెట్ల తోపు నేలకు అందాలి. కండరం తన పూర్తి బలానికి చేరాలంటే అంతకు మూడు రెట్లో, ఇంకా ఎక్కువో సమయం పడుతుంది. అంటే స్క్వాట్‌లో ఎత్తిన బరువంతా పరుగులో అక్కరకు రాదు. మొదటి పదో వంతు సెకనులో పలికే బలమే లెక్కలోకి వస్తుంది. స్టార్టింగ్ బ్లాకుల నుంచి లేచే మొదటి అడుగుల్లో పాదం నేల మీద ఇంకొంచెం ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి, లావు కండ ఎక్కువగా ఉపయోగపడేది ఆ తొలి అంగల్లోనే.

కండ ఎక్కడ పెరిగిందన్నదీ ముఖ్యమే. ఏతాం కొయ్యకు బరువు ఇరుసు దగ్గర కడితే తిప్పడం తేలిక, కొసన కడితే కష్టం. కాలికి ఇరుసు తుంటి. పిరుదుల్లో, తొడ పైభాగంలో చేరిన కిలో పరుగుకు ఇంజన్ అవుతుంది. అదే కిలో పిక్కల్లో చేరితే ప్రతి అంగలోనూ దాన్ని ముందుకు విసరాలి. తిప్పడానికి పట్టే శ్రమ దూరం వర్గంతో పెరుగుతుంది. స్ప్రింటర్ల కాళ్లు పైన దిట్టంగా, కింద సన్నగా ఉండటానికి కారణం ఇదే. వాళ్ల వ్యాయామాల్లో తుంటిని చాచేవే ఎక్కువగా ఉండటమూ ఇందుకే.

తొడ వెనక కండరం కథ ఇంకా ఆసక్తికరం. పాదం నేలను తాకబోయే ముందు క్షణంలో ఈ కండరం సాగుతూనే బిగుసుకుని, ముందుకు దూసుకొచ్చే కాలికి బ్రేకు వేస్తుంది. హ్యామ్‌స్ట్రింగ్ పట్టేసేది ఎక్కువగా అప్పుడే. దానికి కనిపెట్టిన వ్యాయామానికి యంత్రం అక్కర్లేదు. మోకాళ్ల మీద నిలబడాలి, మడమల్ని ఇంకొకరు నొక్కి పట్టాలి, నడుం వంచకుండా ఒంటిని మెల్లగా ముందుకు వాలనివ్వాలి. నార్డిక్ అని పిలిచే ఈ కసరత్తు పోగుల పొడవును కూడా పెంచుతుంది. లక్ష రూపాయల యంత్రాల మధ్య దీన్ని ఎవరూ చేయరు, చూడటానికి గొప్పగా ఉండదు కదా.

ఇక వారం అల్లిక. పూర్తి వేగపు పరుగుకు ఇంధనం కండరంలో నిలవుండే ఫాస్ఫోక్రియాటిన్. కొద్ది సెకన్లలోనే అది చాలావరకు ఖర్చయిపోతుంది, మళ్లీ నిండటానికి నిమిషాలు పడతాయి. అందుకే పది మీటర్లకు ఒక నిమిషం విశ్రాంతి అని కోచ్‌ల వాడుక లెక్క. 60 మీటర్లు పరిగెత్తినవాడు ఆరు నిమిషాలు నిలబడాలి. దూరం నుంచి చూసేవాళ్లకు అది బద్ధకంలా ఉంటుంది. నిజానికి విశ్రాంతి తగ్గిస్తే చేస్తున్నది వేగపు సాధన కాకుండా ఆయాసపు సాధన అవుతుంది.

స్ప్రింట్ ఎప్పుడూ ముందు, రాడ్ తర్వాత. నరాలు తాజాగా ఉన్నప్పుడే వేగం నేర్చుకోగలం. అలసిన ఒళ్లు కూడా బరువు ఎత్తగలదు. రెండూ ఒకే రోజు పెట్టి, మర్నాడు తేలిక పని పెట్టడంలో ఇంకో తెలివి ఉంది. బరువులెత్తాక కండ తనను తాను కట్టుకునే పని ఒకటి రెండు రోజులు సాగుతుంది, ఆ పని జరగడానికి ఒంటికి ఎడం దొరుకుతుంది. బరువుల్లోనూ రెండు పాళ్లుంటాయి. పెద్ద బరువుతో మూడు నాలుగు రెప్స్ నరాలకు, మోస్తరు బరువుతో ఎనిమిది నుంచి పన్నెండు రెప్స్ కండ పరిమాణానికి. పోటీలు దూరంగా ఉన్న నెలల్లో రెండోది ఎక్కువ, దగ్గరపడేకొద్దీ మొదటిది ఎక్కువ.

కండకు అసలు అడ్డం స్ప్రింట్ కాదు, సుదీర్ఘ శ్రమ. 1980లో రాబర్ట్ హిక్సన్ ప్రచురించిన పది వారాల ప్రయోగంలో బరువులు మాత్రమే ఎత్తినవాళ్ల బలం చివరిదాకా పెరిగింది. బరువులతోపాటు ఓర్పు సాధనా జోరుగా చేసినవాళ్ల బలం ఏడెనిమిది వారాల దగ్గర ఆగి, ఆపైన తగ్గింది. హెప్టాథ్లాన్‌లో 800 మీటర్లు ఉంది కాబట్టి ఈ చిక్కు నుంచి నందిని లాంటివాళ్లకు తప్పించుకునే దారి లేదు.

ఇప్పుడు పట్టిక తీద్దాం. 1985 నుంచి వాడుకలో ఉన్న ఈ సూత్రాలకు మూలం ఆస్ట్రియా గణితవేత్త కార్ల్ ఉల్బ్రిక్ పని. షాట్‌పుట్‌కు దూరంలోంచి 1.5 మీటర్లు తీసేసి, మిగిలినదాన్ని 1.05 ఘాతానికి పెంచి, 56.0211తో హెచ్చవేస్తారు. ఘాతం ఒకటికి దగ్గర కాబట్టి ప్రతి మీటరూ దాదాపు ఒకే ధర పలుకుతుంది: 12 మీటర్ల దగ్గర సుమారు 66 పాయింట్లు. హర్డిల్స్‌లో ఘాతం 1.835. వేగం పెరిగేకొద్దీ ప్రతి పదో వంతు సెకనుకూ ధర ఎక్కుతుంది, 13.5 సెకన్ల దగ్గర అది 14 పాయింట్లు దాటుతుంది.

ఒక అమ్మాయి చలికాలమంతా కండ పెంచి గుండును మీటరు దూరం ఎక్కువ తోసిందనుకుందాం. 66 పాయింట్ల లాభం. ఆ బరువు వల్ల హైజంప్ 1.73 నుంచి 1.70కి దిగితే 36 పోతాయి. 800 మీటర్లలో రెండు సెకన్లు ఆలస్యమైతే ఇంకో 28. నికరంగా మిగిలేది రెండు పాయింట్లు. పెరిగిన కండ హర్డిల్స్‌లో, 200 మీటర్లలో కూడా వేగమై పలికితేనే ఈ బేరం గిట్టుబాటవుతుంది. ఆ వారం అల్లిక అంత జాగ్రత్తగా ఎందుకుండాలో ఈ నాలుగు అంకెలు చెబుతాయి.

హాంగ్‌ఝౌలో నందినికీ నాలుగో స్థానంలో నిలిచిన స్వప్నా బర్మన్‌కూ మధ్య తేడా నాలుగు పాయింట్లు. షాట్‌పుట్‌లో అది ఆరు సెంటీమీటర్లు, 800 మీటర్లలో పావు సెకను పైచిలుకు. చివరి అంశమైన ఆ 800లో అందరికంటే ముందు గీత దాటింది నందినే.

తిండి సంగతి కొంచెం. ఉప్పల్లో మెట్రో ఎక్కి స్టేడియం, ఎన్‌జీఆర్‌ఐ, హబ్సిగూడ దాటి తార్నాకలో దిగితే జాతీయ పోషకాహార సంస్థ దగ్గరే. మామూలు పెద్దలకు కిలో ఒంటి బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చాలన్నది దాని లెక్క. కండ పెంచే సాధనలో ఉన్నవాళ్లకు 1.6 గ్రాముల దాకా పనికొస్తుందని వ్యాయామ శాస్త్రం అంటుంది. కండ కోసం ప్రొటీన్ పొడులు వద్దని 2024 మార్గదర్శకాల్లో ఇదే సంస్థ చెప్పింది. జిమ్ముల అల్మారాల్లో మాత్రం ఆ డబ్బాలే.

ఈ లెక్క అందరికంటే ఎక్కువ అక్కరకొచ్చేది తెలంగాణ పోలీసు కానిస్టేబుల్ పరీక్షకు తయారయ్యే కుర్రాళ్లకు. 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, నాలుగు మీటర్ల లాంగ్‌జంప్, 7.26 కిలోల గుండు ఆరు మీటర్లు. అదీ ఒక చిన్న హెప్టాథ్లానే, తూకం మాత్రం వేరు. ఆరు మీటర్లకు భుజం కండకంటే కాలి తోపూ విడిచే కోణమూ ఎక్కువ పనిచేస్తాయి. 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు, ఒక్కోటి 108 సెకన్లలో తిరగాల్సినవాడికి పై ఒంట్లో పెంచిన ప్రతి కిలో మోత బరువే. అతను జిమ్‌లో గడిపే గంటలో ముక్కాలు వంతు తుంటికీ తొడలకూ ఇచ్చి, బెంచ్ ప్రెస్‌ను ఆఖరి పావుగంటకు నెట్టాలి.