ఒకే తూటా, రెండు పిస్టళ్ళు

పాత పిస్టళ్ళు సేకరించేవాళ్ళు నలుగురు ఒకచోట చేరితే కోల్ట్ 1903 గొప్పదా, వాల్తర్ పీపీకే గొప్పదా అన్న వాదన రాకుండా ఉండదు. రెండూ కోటు జేబులో పట్టేవే. రెండూ పేల్చేది ఒకే తూటా. అమెరికాలో దాన్ని .32 ఏసీపీ అంటారు, యూరప్‌లో 7.65 బ్రౌనింగ్ అంటారు. మొదటిది 1903లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో, రెండోది 1931లో జర్మనీలోని జెల్లా-మేలిస్‌లో పుట్టింది. నా తీర్పు ముందే చెబుతాను. యంత్రంగా చూస్తే వాల్తర్‌దే పైచేయి. సేకరించి భద్రపరచవలసిన వస్తువుగా చూస్తే కోల్ట్‌దే పైచేయి. ఈ రెండు కొలతలనూ కలిపేసి మాట్లాడటం వల్లే వాదన ఎన్నేళ్ళయినా తెగడం లేదు.

ముందు తూటా సంగతి చూడాలి. జాన్ మోసెస్ బ్రౌనింగ్ దీన్ని పందొమ్మిదో శతాబ్దం చివర బెల్జియంలోని ఎఫ్ఎన్ కంపెనీ పిస్టల్ కోసం రూపొందించాడు. గుండు బరువు సుమారు 4.6 గ్రాములు, వేగం సెకనుకు 275 మీటర్ల ప్రాంతం. సైనిక పిస్టళ్ళ తూటాలతో పోలిస్తే బలం చాలా తక్కువ. కానీ ఆ తక్కువ బలమే జేబు పిస్టల్‌కు దారి తెరిచింది. పెద్ద తూటా పేలినప్పుడు లోపలి ఒత్తిడి తగ్గేదాకా బ్యారెల్‌నీ స్లైడ్‌నీ కలిపి బిగించి ఉంచే ఏర్పాటు కావాలి. .32కి ఆ అవసరం లేదు. స్లైడ్ బరువు, ఒక గట్టి స్ప్రింగు ఉంటే చాలు. దీన్నే బ్లోబ్యాక్ పద్ధతి అంటారు. దానితో భాగాలు తగ్గాయి, పిస్టల్ పలచబడింది, బట్టల కింద కనపడకుండా ఇమిడింది.

కనపడకుండా ఇమడటం వల్ల ఏం జరిగిందో చరిత్రకు తెలుసు. 1904లో హెల్సింకీలో రష్యన్ గవర్నర్ జనరల్ బోబ్రికోవ్‌ను షౌమన్ కాల్చింది, 1909లో హార్బిన్ రైల్వే స్టేషన్‌లో జపాన్ నేత ఇతో హిరోబుమిని ఆన్ జుంగ్-గున్ కాల్చింది ఎఫ్ఎన్ 1900 పిస్టల్‌తోనే. ఈ తూటాకు అన్నలాంటి .380తో సారయేవోలో 1914లో ఏం జరిగిందో, ఢిల్లీలో 1948 జనవరి 30న ఏం జరిగిందో వేరే చెప్పనక్కరలేదు. చిన్న పిస్టళ్ళ మీద ప్రేమ పెంచుకున్నవాడు ఈ సంగతి మరిచిపోకూడదు. తన చేతిలోని వస్తువు బొమ్మ కాదు.

ఇక కోల్ట్. ఇదీ బ్రౌనింగ్ చేతిపనే. మ్యాగజైన్‌లో 8 తూటాలు, బరువు సుమారు 680 గ్రాములు. దీని అందమంతా అంచుల్లో ఉంది, ఇంకా సరిగ్గా చెప్పాలంటే అంచులు లేకపోవడంలో ఉంది. హ్యామర్ స్లైడ్ లోపలే ఉంటుంది. బయట గుడ్డకు తగులుకునే ముక్క ఒక్కటీ లేదు. స్లైడ్ పైభాగం నుంచి పిడి దాకా ఉక్కు ఒకే ధారగా జారుతుంది. హార్ట్‌ఫర్డ్ కార్మికులు ఉక్కును అద్దంలా రుద్దిన తర్వాతే నీలం పూత వేసేవారు. అందుకే రెండో ప్రపంచయుద్ధానికి ముందు తయారైన కోల్ట్‌ను వెలుతురులో తిప్పి చూస్తే నలుపులోంచి నీలం పైకి వస్తుంది. పిడి వెనక ఒక నొక్కుడు బద్ద ఉంటుంది. అరచెయ్యి దాన్ని పూర్తిగా అదిమితే తప్ప పిస్టల్ పేలదు. విప్పదీయడానికి కూడా పనిముట్టు అక్కరలేదు. స్లైడ్‌ను గీత దగ్గరికి లాగి బ్యారెల్‌ను తిప్పితే చాలు. 1903 నాటికి ఇంత పరిణతి మరే జేబు పిస్టల్‌లోనూ నాకు కనపడదు.

లోపం కూడా ఆ అందంలోనే ఉంది. మొదటి గుండు వెంటనే పేలాలంటే లోపలి హ్యామర్‌ను ఎక్కుపెట్టి, సేఫ్టీ వేసి జేబులో పెట్టుకోవాలి. హ్యామర్ కనపడదు కాబట్టి అది ఎక్కుపెట్టి ఉందో లేదో ఒక చూపుతో తెలియదు. మ్యాగజైన్ తీసేశాక కూడా ఛాంబర్‌లో ఒక తూటా మిగిలిపోవచ్చు. ఈ ప్రమాదాన్ని తగ్గించడానికి 1926 ప్రాంతంలో మ్యాగజైన్ తీస్తే ట్రిగ్గర్ పనిచేయని ఏర్పాటు చేర్చారు. ఇరవై ఏళ్ళకు పైగా ఆగి చేసిన దిద్దుబాటు అది.

వాల్తర్ కంపెనీ సరిగ్గా ఈ లోపాన్నే పట్టుకుంది. 1929లో వచ్చిన పీపీ, 1931లో దాన్నే కుదించి చేసిన పీపీకే, రెండూ డబుల్ యాక్షన్ పిస్టళ్ళు. ఛాంబర్‌లో తూటా పెట్టుకుని హ్యామర్‌ను దించి ఉంచవచ్చు. మొదటి గుండుకు ట్రిగ్గర్‌ను పొడుగ్గా, బలంగా లాగాలి. ఆ లాగుడే హ్యామర్‌ను లేపి వదులుతుంది. తర్వాతి గుళ్ళకు ట్రిగ్గర్ తేలికవుతుంది. సేఫ్టీ మీటను కిందికి నొక్కితే, ఎక్కుపెట్టి ఉన్న హ్యామర్ తూటాను తాకకుండా దిగిపోతుంది. ఛాంబర్‌లో తూటా ఉంటే స్లైడ్ వెనక ఒక చిన్న మొన బయటికి పొడుచుకు వస్తుంది. చీకట్లో బొటనవేలితో తడిమినా తెలుస్తుంది. బ్యారెల్ చట్రానికి కదలకుండా బిగించి ఉంటుంది, స్ప్రింగు దాని చుట్టూనే ఉంటుంది. బ్యారెల్ పొడవు 83 మిల్లీమీటర్లు మాత్రమే. మ్యాగజైన్‌లో 7 తూటాలు. వాడేవాడు భయంలో ఉంటాడని, మరిచిపోతాడని, తడబడతాడని ముందే ఊహించి చేసిన యంత్రం ఇది. తర్వాత సోవియట్ సైన్యానికి వచ్చిన మకరోవ్ పిస్టల్ ఈ వాల్తర్ ఆలోచనను చాలావరకు తీసుకుంది. ఆ తర్వాతి డబుల్ యాక్షన్ పిస్టళ్ళ మీద కూడా ఈ నమూనా నీడ ఉంది.

పీపీకేకు లోపాలు లేవని కాదు. పెద్ద చెయ్యి ఉన్నవాడు కాలిస్తే వెనక్కి వచ్చే స్లైడ్ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మాన్ని గీరుతుంది. మొదటి ట్రిగ్గర్ లాగుడు ఎంత బరువంటే గురి చెదరడం మామూలే. చూపుకు కూడా కోల్ట్ అంత నునుపుగా ఉండదు. అయినా యంత్రాల పోటీలో నేను వాల్తర్‌కే ఓటేస్తాను. అందం కోసం ఒక ప్రమాదాన్ని కంటికి కనపడకుండా ఉంచినదాని కంటే, ప్రమాదాన్ని వేలికి తెలిసేలా చేసినదే మెరుగైన యంత్రం.

సేకరణ దగ్గరికి వచ్చేసరికి తూకం తిరగబడుతుంది. సేకరించేవాడికి కావలసింది పేలే పిస్టల్ కాదు, పుట్టుపూర్వోత్తరాలు తెలిసిన పిస్టల్. కోల్ట్ కంపెనీ రికార్డులు చాలావరకు నిలిచి ఉన్నాయి. రుసుము కట్టి సీరియల్ నంబరు పంపితే, ఆ పిస్టల్ ఏ తేదీన ఫ్యాక్టరీ దాటింది, ఏ వ్యాపారికి వెళ్ళింది, ఏ పూతతో వెళ్ళింది అన్నది ఉత్తరంగా రాసి పంపుతారు. 1945 దాకా .32లో తయారైనవి 5,70,000కు పైనే. వాటిని సేకర్తలు ఐదు రకాలుగా విభజించారు. 4 అంగుళాల బ్యారెల్ ఉన్న తొలి రకం, బ్యారెల్‌ను మూడు ముప్పావు అంగుళాలకు తగ్గించిన రెండో రకం, బ్యారెల్ మూతి దగ్గరి విడి బుషింగ్ తీసేసిన మూడో రకం, మ్యాగజైన్ సేఫ్టీ చేర్చిన నాలుగో రకం, సైన్యం కోసం చేసిన ఐదో రకం. అమెరికా సైన్యం ఈ నమూనాను తన జనరళ్ళకు ఇచ్చేది. ఇంత పెద్ద సంఖ్యలో తయారైన వస్తువు ఒక్కొక్కదానికీ విడివిడిగా జాతకం దొరకడం అరుదైన సంగతి.

వాల్తర్‌కు ఆ భాగ్యం లేదు. 1945 ఏప్రిల్‌లో అమెరికా సేనలు జెల్లా-మేలిస్ చేరాయి. ఆ తర్వాత ఆ ప్రాంతం సోవియట్ పాలన కిందికి పోయింది. ఫ్యాక్టరీని ఊడదీశారు. ఫ్రిట్జ్ వాల్తర్ పశ్చిమ జర్మనీకి తరలిపోయి ఉల్మ్ నగరంలో కంపెనీని మళ్ళీ నిలబెట్టాడు. మధ్యకాలంలో పీపీ, పీపీకేలను ఫ్రాన్స్‌లో మానురిన్ కంపెనీ తయారుచేసింది. ఇన్ని చేతులు మారడంతో కోల్ట్‌కు ఉన్నంత వరస తప్పని లెక్క యుద్ధపూర్వపు వాల్తర్‌కు మిగల్లేదు. కాగితం లేని చోట కథ చేరుతుంది, కథ చేరిన చోటికి దొంగ ముద్ర వస్తుంది. నాజీ పార్టీ వాళ్ళకు ఇచ్చారని చెప్పే ఆర్‌జెడ్ఎం ముద్ర పీపీకేలు, గద్ద బొమ్మ చెక్కిన పార్టీ పిడులు సంతలో విపరీతంగా ఉన్నాయి. వాటిలో నకిలీలు ఎన్నో. మామూలు పోలీసు పీపీకే మీద ఎవరో ఒక ముద్ర కొడితే దాని ధర అమాంతం పెరుగుతుంది. నకిలీ అన్న మాట పక్కన పెట్టినా, ఒక హంతక పార్టీ గుర్తు ఉన్నందుకు ఎక్కువ డబ్బు పెట్టే అభిరుచిని నేను సమర్థించలేను. ముద్ర లేని పీపీకేను దాని పనితనం కోసం దాచుకున్నవాడే నా దృష్టిలో అసలైన సేకర్త.

వాల్తర్ పేరు చుట్టూ కమ్ముకున్న రెండో పొగ సినిమాది. ఇయాన్ ఫ్లెమింగ్ తన జేమ్స్ బాండ్ చేతికి మొదట .25 బెరెట్టా ఇచ్చాడు. గ్లాస్గోలో ఉండే ఆయుధ నిపుణుడు జెఫ్రీ బూత్‌రాయిడ్ 1956లో ఆయనకు ఉత్తరం రాసి, అది బాండ్‌కు తగిన తుపాకీ కాదని చెప్పాడు. 1958లో వచ్చిన ‘డాక్టర్ నో’ నవలలో బాండ్ చేతికి పీపీకే వచ్చింది. 1962 సినిమాలో షాన్ కానరీ పట్టుకున్నది మాత్రం పీపీకే కాదు, దాని అన్న పీపీ. పేలకుండా చేసిన ఆ పిస్టల్ 2020 డిసెంబరు వేలంలో 2,56,000 డాలర్లు పలికింది. అంతకన్నా విచిత్రం ఇంకొకటి ఉంది. ‘ఫ్రమ్ రష్యా విత్ లవ్’ ప్రచార చిత్రాల్లో కానరీ చేతిలో ఉన్నది అసలు తుపాకీయే కాదు, వాల్తర్ కంపెనీ గాలి పిస్టల్. ఫొటోలు తీసే రోజున అసలుది అందుబాటులో లేక దాన్ని పట్టుకున్నాడు. అదీ 2010లో క్రిస్టీస్ వేలంలో 2,77,250 పౌండ్లు పలికింది. ఈ ధరలు సినిమా చరిత్రకు చెందినవి, పిస్టల్ చరిత్రకు కాదు. పీపీకే గురించి ఆ పిస్టలే చెప్పే కథ కావాలంటే 1968 చూడాలి. ఆ ఏడాది వచ్చిన అమెరికా తుపాకీ నియంత్రణ చట్టం దిగుమతి పిస్టళ్ళకు కొలతలు పెట్టింది. పీపీకే ఎత్తు వెంట్రుకవాసిలో చాల్లేదు. దానితో పీపీ చట్రానికి పీపీకే స్లైడ్ తగిలించి పీపీకే/ఎస్ అనే కొత్త నమూనా చేశారు. ఒక చట్టం ఉక్కు ఆకారాన్ని ఎలా మార్చిందో చూపే ఆ పీపీకే/ఎస్ నా లెక్కలో సినిమా పిస్టల్ కంటే విలువైన నమూనా.

కోల్ట్ పక్షాన నా దగ్గరున్న బలమైన సాక్ష్యం మన దేశంలోదే. 1931 ఫిబ్రవరి 27న అలహాబాద్‌లోని ఆల్ఫ్రెడ్ పార్కులో చివరి గుండు దాకా పోరాడిన చంద్రశేఖర్ ఆజాద్ చేతిలోనిది .32 కోల్ట్. ఇప్పుడది అదే పార్కులోని అలహాబాద్ మ్యూజియంలో ఉంది. భగత్ సింగ్ పిస్టల్ కూడా .32 కోల్టే. 1928 డిసెంబరు 17న లాహోర్‌లో పోలీసు అధికారి సాండర్స్‌ను కాల్చిన పిస్టల్ అది. కానీ దాని దారి వేరు. లాహోర్ నుంచి ఫిల్లౌర్ పోలీసు శిక్షణ కేంద్రానికి, అక్కణ్ణుంచి ఇండోర్‌లోని బీఎస్ఎఫ్ మ్యూజియానికి చేరి, తుప్పు పట్టకుండా నల్లరంగు పూసిన పాత పిస్టళ్ళ వరసలో ఒకటిగా దశాబ్దాలు ఉండిపోయింది. చూసినవాళ్ళెవరూ గుర్తుపట్టలేదు. 2016 ప్రాంతంలో రంగు గీకి చూస్తే కింద 168896 అన్న నంబరు కనపడింది. లాహోర్ కేసు రికార్డుల్లో ఉన్న నంబరు అదే. తర్వాత దాన్ని హుస్సేనీవాలాలోని బీఎస్ఎఫ్ మ్యూజియానికి తరలించారు. పూత పోయినా, రంగు కప్పినా, చేతులు ఎన్ని మారినా ఆరంకెల నంబరు, ఒక పాత కాగితం కలిసి ఒక చరిత్రను తిరిగి నిలబెట్టాయి. సేకరణ అంటే నాకు అర్థమైనది ఇదే.

ఈ అభిరుచి ఇంటి బీరువాలో సాగించే వీలు మన దేశంలో దాదాపు లేదు. 2019 సవరణ తర్వాత ఆయుధ చట్టం కింద ఒక మనిషికి రెండు తుపాకులే. అంతకు ముందు మూడుండేవి. 1980ల నుంచి పౌరులకు విదేశీ పిస్టళ్ళ దిగుమతి మూసుకుపోయింది. అందుకే ఇక్కడ మిగిలిన పాత వాల్తర్లకూ వెబ్లీలకూ అంత ధర. .32 తూటా మాత్రం మన దేశంలో బతికే ఉంది. ఇషాపూర్ ఫ్యాక్టరీ తయారుచేసే అశని పిస్టల్ దాన్నే పేలుస్తుంది. ఈ ఆంక్షల మీద నాకు ఫిర్యాదు లేదు. ఒకరి సరదా కంటే పది మంది ప్రాణం ముఖ్యం. అమెరికాలో పరిస్థితి వేరు. 50 ఏళ్ళు దాటిన తుపాకుల కోసం అక్కడ సేకర్తలకు ప్రత్యేక లైసెన్సు ఉంది. మూడేళ్ళకు 30 డాలర్లు. అక్కడ స్థిరపడిన మనవాళ్ళు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. హెచ్1బీ లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారు తుపాకీ కలిగి ఉండటం, కొద్ది మినహాయింపులు తప్ప, ఫెడరల్ చట్టం కింద నేరం.

మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ తాతల నాటి లైసెన్సుతో పిస్టలో రివాల్వరో ఉన్న కుటుంబాలున్నాయి. పెద్దాయన పోగానే వారసులు దాన్ని స్టేషన్లోనో, లైసెన్సు ఉన్న డీలరు దగ్గరో జమ చేసి చేతులు దులుపుకుంటారు. జమ చేయడం సరైన పనే, చట్టం కూడా అదే అడుగుతుంది. దయచేసి ఒక్క పని చేయండి. జమ చేసే ముందు సీరియల్ నంబరు రాసిపెట్టుకోండి. పాత లైసెన్సు పుస్తకం, కొన్న రసీదు, పెద్దాయన చేత్తో రాసిన చీటీ ఏదైనా ఉంటే వాటి నకలు తీసి దాచండి. తుపాకీ మీ ఇంట్లో ఉండకపోయినా ఫరవాలేదు, ఆ కాగితాలు మాత్రం చిత్తుకాగితాల్లో పోనివ్వకండి.