అష్టమి పూట మునక

"అష్టమి పూట ప్రయాణమేంట్రా?" అని అమ్మ ఫోన్లో విసుక్కుంటుంది. నాకు అదే మంచి ముహూర్తం.

ఇంగ్లండ్ దక్షిణ తీరంలో స్వానేజ్ దగ్గర కయారా అనే ఓడ సముద్రం అడుగున పడి ఉంది. 1903లో స్కాట్లండ్‌లో కట్టారు. 1918 మేలో జర్మన్ జలాంతర్గామి టార్పెడో వేసి ముంచింది. అత్తరు సీసాలు, జేబు గడియారాలు, పట్టుబట్టలు అన్నీ దాంతోపాటే మునిగాయి. దాన్ని చూడ్డానికే నేను సిలిండర్ కట్టుకుని నీళ్లలోకి దిగేది. లోతు 30 మీటర్ల దాకా ఉంటుంది. లోతుకి నేను భయపడను. నా భయమంతా ఆటుపోట్లంటేనే.

అమావాస్యకీ పౌర్ణమికీ సూర్యచంద్రులు ఒకే వరసలో నిలబడి లాగుతారు. అప్పుడు ఇంగ్లిష్ చానల్ వరదొచ్చిన ఏరే. అష్టమికి చెరో దిక్కూ పట్టుకోవడంతో జోరు తగ్గుతుంది. పోటు పాటుగా తిరిగే ముందు నీరు కాసేపు నిలబడుతుంది. దిగినా, ఓడ చూసినా ఆ కాసేపట్లోనే. అది ఒడ్డున పోటు నిండే వేళకే రావాలని లేదు, రోజూ ఒకే సమయానికీ రాదు. మర్నాటికి దాదాపు 50 నిమిషాలు ఆలస్యం.

తర్వాత గాలి లెక్క. నా సిలిండర్ 12 లీటర్లది. 232 బార్ల దాకా నింపితే 2,784 లీటర్లు. ఒడ్డున నిమిషానికి 20 లీటర్లు పీల్చేవాణ్ణి, 30 మీటర్ల కింద ఒత్తిడి నాలుగింతలు కనుక 80 ఖర్చు పెడతాను. కాగితం మీద 34 నిమిషాలు. అందులో మూడో వంతు ఆపదకని దాచాలి. ప్రవాహానికి ఎదురీదానా, రొప్పుతో ఈ లెక్కంతా నీళ్లపాలే.

బరువు కట్టిన తాడు ఓడ మీదికి వదిలి, పై కొసకి నీటి మీద తేలే బాయ కడతారు. నీరు పారుతున్నంతసేపూ బాయ మునిగి తేలుతుంటుంది. అది నిటారుగా లేచిందాకా సిలిండర్లు మోస్తూ, పెళ్లిపీటల మీద జీలకర్ర బెల్లం కోసం ఎదురుచూసేవాళ్లలా పడవలో కూర్చోవాలి.

పోయినసారి సరిగ్గా ఆ వేళకే నా మాస్కు పట్టీ తెగింది. వెతికి, ముడేసుకునేసరికి బాయ మళ్లీ వాలింది. పడవాయన తల అడ్డంగా ఊపాడు. బతిమాలాను, ఆయన వినలేదు. డబ్బు పోయిందని వారం రోజులు గొణుక్కున్నాను గానీ, ఆయన చేసింది సబబే.

ఇప్పుడు సంచిలో రెండు మాస్కులున్నాయి. చంద్రుడి మాట సముద్రం ఒకటి రెండు రోజులు ఆలస్యంగా వింటుంది గనక ఈసారి దశమికి పెట్టుకున్నాం. అమ్మకి అభ్యంతరం లేదు.