శిలాచిత్రములు – వాక్యార్థవిచారము

మా ప్రాంతపుఁ బాఠశాలలోఁ దెలుఁగు బోధించు పండితుఁ డొకఁడు, నాకు శిష్యప్రాయుఁడు, కొన్ని మాసములక్రిందట నొక పాఠము వ్రాసి తెచ్చి నాకుఁ జూపెను. భూపాలపల్లి మండలములోని పాండవుల గుట్టమీఁది యెఱ్ఱని చిత్రములు దానికి విషయము. పాండవులు వనవాసకాలమున నచట వసించి, ప్రొద్దు గడపుటకై యా చిత్రములు వ్రాసి రనియు, అందుచేతనే గుట్టకాపేరు వచ్చె ననియు నందుఁ గలదు. “ఇందుఁ దప్పేమైన నున్నదా, గురువుగారూ?” అని యతఁ డడిగెను. తప్పున్నదని చెప్పుట సులభము. ఏది తప్పో, ఎందువలనఁ దప్పో చెప్పఁ బూనుకొనఁగా, నే నంతకంటెఁ బెద్ద తప్పు చేసినవాఁడ నని జ్ఞప్తికి వచ్చినది. ఆ రెండు తప్పులను గలిపి విచారించుటయే యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

నా తప్పు భీమ్‌బేట్కాలో జరిగినది. ఆ స్థలము మధ్యప్రదేశమున రాయసేన్ మండలములో, భోపాలునకు దక్షిణదిక్కున నించుమించు 45 కిలోమీటర్ల దూరమున, వింధ్యపర్వతపాదమున నున్నది. 1957లో వాకణ్కర్ గారు రైలులోఁ బోవుచు నచటి శిలల యాకారమును జూచి, పిమ్మట వెదకికొని వచ్చి, యా చిత్రసంపదను విద్వల్లోకమునకుఁ దెలిపిరి. ఆ కొండవరుసలలో నేడువందలకు మించిన శిలాశ్రయములు లెక్కింపఁబడినవి. 2003లో యునెస్కోవారు దానిని బ్రపంచవారసత్వపట్టికలోఁ జేర్చిరి. అందొక శిలమీఁద జంతువుల రూపము లనేకములు గలవు; దానిని జంతుశిల యనవచ్చును. అదే శిలమీఁద గుఱ్ఱపురౌతులును, ఆయుధపాణులును గలరు. నేను దానిఁ జూచి వచ్చి, ఒక రాజు సపరివారముగా వేఁటకు వెడలిన వృత్తాంత మా శిలపైఁ జిత్రింపఁబడియున్నదని నా విద్యార్థులకు రెండేండ్లు పాఠము చెప్పితిని. కథ చక్కగానే యుండెను; వాక్యము మాత్రము నాది, చిత్రకారునిది కాదు.

ముందుగా శిష్యుని తప్పును విచారింతము. అతఁడు పేరును బ్రమాణముగాఁ గొనెను. భీమ్‌బేట్కా యను పేరును సరిగా నిట్టిదే. భీముఁడు కూర్చుండిన చోటని దాని కర్థము చెప్పుదురు. ఇందలి యుత్తరపదము హిందీలోని ‘బైఠక్’ శబ్దమునకు సోదరము. సంస్కృతమున ‘ఉపవిష్ట’ యనునది ప్రాకృతమున ‘ఉవవిట్ఠ’ యని మాఱి, తొలి యచ్చును గోల్పోయి, పిదప వకారము బకారముకాఁగా ‘బైఠ’ రూప మేర్పడినది. ఇన్ని మాఱుపాటులు పొందిన శబ్దముతోఁ గూడిన పేరు, ఆ మాఱుపాటులు ముగిసిన తరువాతనే పుట్టియుండవలెను. చిత్రములలోఁ బ్రాచీనములైనవో, వేలయేండ్ల పూర్వపువి. కావున నా పేరు చిత్రకారునికి సాక్షి కానేరదు. చిత్రములను జూచి విస్మయపడిన తరువాతి జనులకు మాత్రమే సాక్షి. పాండవుల గుట్ట విషయమునను న్యాయ మిదియే. మానవుఁడు చేసె ననుటకు మిక్కిలి పెద్దదిగాఁ దోఁచిన ప్రతిపనిని భీమునకో, పాండవులకో యొప్పగించుట మన దేశమున నలవాటు.

అంతమాత్రమున జనులు పెట్టిన పేళ్లన్నియు వ్యర్థములని నేననను. కడపమండలమున ముద్దనూరు ప్రాంతమందలి చింతకుంటకడ నొక చిత్రశిల గలదు. గ్రామస్థులు దానిని ‘ఎద్దుల ఆవుల గుండు’ అని వ్యవహరింతురు. దానిమీఁద మూఁపురముగల యెద్దుల చిత్రములు గలవు. ఈ పేరు యౌగికము: శిలపై నున్నదానిని జెప్పుచున్నది, చూచిన కన్నులు పెట్టిన పేరది. పాండవుల గుట్ట యను పేరో, కథ పెట్టిన పేరు. మొదటిది చిత్రమునుగూర్చిన వార్త. రెండవది చూచినవారినిగూర్చిన వార్త. రెండును భద్రపఱుపఁదగినవే కాని, యొకదాని పని రెండవదానిచేఁ జేయింపరాదు.

ఇంక ‘గుహ’ యను మాట. మనము వీనిని గుహాచిత్రము లనుచున్నాము. మఱుగుపఱచుట యను నర్థముగల ధాతువునుండి పుట్టిన గుహాశబ్దమునకు మఱుఁగైన చోటని యర్థము. స్పెయిన్ దేశమున 1879లో వెల్లడియైన అల్తమీరా చిత్రములును, ఫ్రాన్సున 1940లో వెల్లడియైన లాస్కో చిత్రములును నేలలోనికిఁ జొచ్చుకొనిపోయిన చీఁకటి గుహలలో నున్నవి. దీపము లేనిదే వానిని వ్రాయుటయుఁ జూచుటయు నసంభవము. భీమ్‌బేట్కాలోని చిత్రములలో బహుళసంఖ్యాకము లట్టివి కావు. గాలివానలచే నొరసికొనిపోయిన బండలు మీఁదికి వంగి చూరువలె నీడ నిచ్చుచుండఁగా, ఆ చూరుక్రింద వెలుతురులోనే యవి వ్రాయఁబడినవి. ఆ నీడలందు మనుష్యులు వసించిరనుటకుఁ ద్రవ్వకములలో దొరకిన రాతి పనిముట్లు సాక్ష్యము. అందుచే శిలాశ్రయ మనుటయే యుక్తము. ఇది మాటల తగవు మాత్రమే కాదు. ఐరోపాగుహల చీఁకటినిబట్టి యచటి విద్వాంసులు కొందఱు రహస్యక్రతువులను, మంత్రతంత్రములను నూహించిరి. ‘గుహ’ యను మాటతోడనే యా యూహ మన శిలలమీఁదికి దిగుమతి యగుచున్నది. ఇంటి చూరుక్రిందఁ బగటివెలుఁగులోఁ బిల్లలకుఁ గూడ గనఁబడునట్లు వ్రాసినదానికి రహస్య మను విశేషణ మెట్లు పొసఁగును?

ఇప్పుడు నా తప్పు. వాక్యార్థబోధకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యను మూఁడును గావలెనని మన శాస్త్రము లుద్ఘోషించుచున్నవి. ఒక పదము మఱియొకదానిని గోరవలెను. వాని యర్థములు పొసఁగవలెను. పదములు విలంబము లేక యుచ్చరింపఁబడవలెను. ఉదయమున ‘గోవును’ అని, సాయంకాలమున ‘తెమ్ము’ అన్నచో వాక్యము కాదు. జంతుశిలమీఁద నేను గోవును, తెమ్మును గలిపి చదివితిని. రౌతులు, ఖడ్గధారులు చారిత్రకకాలమునకుఁ జెందినవారు. ఆ శిలపై జంతువులలో ననేకములు మధ్యశిలాయుగపువని విద్వాంసుల యభిప్రాయము. నడుమ వేలయేండ్ల విలంబము. శిలమీఁద జేనెడు దూరములో నున్నవి కదాయని నేను సన్నిధి గలదనుకొంటిని. దేశమునందలి సన్నిధి వేఱు, కాలమునందలి సన్నిధి వేఱు. వాక్యమునకుఁ గావలసినది రెండవది.

అట్లయినఁ జిత్రములలో వాక్యమే లేదా యని ప్రశ్నింపవచ్చును. కలదు. ఒకే రంగుతో, ఒకే తీరు రేఖతో వ్రాసిన వేఁటకాఁడు విల్లు వంచియుండఁగా, ఎదుట లేడి యొడలు వంచి పరుగిడుచుండినచో, విల్లు లేడిని గోరుచున్నది, లేడి విల్లును గోరుచున్నది, ఆకాంక్ష స్పష్టము. యోగ్యతకును దృష్టాంతము గలదు. మిర్జాపూరుప్రాంతమున ఖడ్గమృగమును వేఁటాడు చిత్రమును గాక్‌బర్న్ అను నాంగ్లేయుఁడు 1883లోఁ బ్రకటించెను. నేఁ డాకొండలలో ఖడ్గమృగము లేదు. అయినను నా ప్రాంతపు నదీలోయలో ఖడ్గమృగముల యెముకలు శిలీభూతములై యాతనికే దొరకియుండెను. చిత్రము చెప్పినదానిని నేల సమర్థించినది. ఇట్టిచోట మనము ధైర్యముగా నర్థము చెప్పవచ్చును.

కాలనిర్ణయమునందు మఱింత జాగరూకత వలయును. ఒక చిత్రముపై వేఱొకటి వ్రాయఁబడియున్నచోఁ బైది యుత్తరకాలికము, క్రిందిది పూర్వకాలికము. ఇందు సందేహము లేదు. కాని యిది పౌర్వాపర్యమును జెప్పునే కాని, నడుమ గడచిన సంవత్సరముల సంఖ్యను జెప్పదు. వాకణ్కర్ గారు పచ్చని నర్తకరూపములు కొన్నింటిని బ్రాచీనశిలాయుగపు టంత్యభాగమున నుంచిరి. ఆ శిలలయొద్ద నేండ్లతరబడి కూర్చుండి వేలకొలఁది రూపములకుఁ బ్రతికృతులు వ్రాసి 1984లో గ్రంథము వెలువరించిన యశోధర మఠపాల్ గారు, మధ్యశిలాయుగమునకు వెనుకకుఁ బోవ నంగీకరింపలేదు. మధ్యశిలాయుగపుఁ బొరలలో, అరగఁదీసిన గుర్తులుగల జేగురురాళ్లు త్రవ్వకములందు లభించుట యీ రెండవ పక్షమునకుఁ గొంత బలము. ఇట్టి మహనీయులే భిన్నాభిప్రాయులై యుండఁగా, పాఠ్యపుస్తకమున నొక్క సంఖ్యను వేసి నిశ్చయముగాఁ జెప్పుట సాహసము.

కన్నులు మోసపోవుట పండితులకే కాదు, శాస్త్రజ్ఞులకును దప్పలేదు. భీమ్‌బేట్కాలోని పెద్ద శిలాశ్రయమున, గోడపై నాకువంటి యాకృతి నొకదానిని జూచి, కోట్లయేండ్లనాఁటి డికిన్సోనియా యను ప్రాణియొక్క శిలాజమని కొందఱు భూగర్భశాస్త్రజ్ఞులు 2021లోఁ బ్రకటించిరి. లోకమంతయు నాశ్చర్యపడినది. పిమ్మట వేఱొక బృందమువారు వచ్చి దగ్గఱగాఁ బరీక్షించి, అది రాతిలోనిది కాదనియు, గోడ నంటియున్న తేనెపట్టు శిథిలమై మిగిలిన భాగమనియు 2023లో నిరూపించిరి. మొదటి వాదమునకు నాయకుఁడైన విద్వాంసుఁడు తన పొరపాటు నొప్పుకొనెను. ఈ యొప్పుకోలు నాకు శిలాజముకంటె విలువైనదిగాఁ దోఁచినది. ఐరోపాలోను నిట్టిది జరిగినది. అల్తమీరా చిత్రములు మోసమని త్రోసిపుచ్చినవారిలో నొకఁడైన కార్తయాక్ పండితుఁడు 1902లోఁ దన తప్పు నొప్పుకొని వ్యాసము ప్రకటించెను. కాని వానిని గనుఁగొన్న సౌతువోలా యప్పటికే కీర్తిశేషుఁడు. తప్పు దిద్దుకొనుటలో నాలస్యమైనచో నష్ట మెవరికిఁ గలుగునో యిందుఁ దెలియును.

“ఇంత నిష్ఠురముగా నున్నచోఁ బిల్లలకుఁ జెప్పుట కేమి మిగులును? పాండవకథయైన వారి మనస్సున నాటుకొనును గదా” అని శిష్యుఁ డాక్షేపించెను. ఈ యాక్షేపము త్రోసివేయఁదగినది కాదు. కథలేని పాఠము పిల్లలకు రుచింపదు. కాని భారతకథకు మన కేమి కొదవ? ఆ కథను గావ్యముగాఁ జెప్పి, శిలను శిలగాఁ జూపవలెను. పాండవులే వ్రాసిరన్నచో, పేరులేని యా చిత్రకారుని గౌరవమును మనము హరించినవార మగుదుము. అతని పేరు మన కెన్నఁటికిఁ దెలియదు, అతని భాష యెట్టిదో తెలియదు. మిగిలినది చేతిపని యొక్కటియే. అదియు నొరుల ఖాతాలో వేయుట న్యాయము కాదు.

వేఱొక హానియుఁ గలదు. చిత్రము స్ఫుటముగాఁ గనఁబడుటకై నీళ్లు చల్లుటయు, ప్రక్కనే బొగ్గుతోఁ దమ పేళ్లు వ్రాయుటయు నాచారమైనది. నీటివలన రంగు చెడును. ప్రక్క వ్రాసిన పేరు రాఁబోవు చదువరికిఁ గల్పితసన్నిధి నేర్పఱచును. గ్రంథమున లేఖకప్రమాదమునైనఁ బాఠాంతరములతోఁ బోల్చి దిద్దవచ్చును. శిల యేకప్రతి, దానికిఁ బాఠాంతరము లేదు.

కడపట మేమిరువురము కూర్చుండి పాఠమును దిద్దితిమి. “ఈ గుట్టను మన పెద్దలు పాండవుల గుట్ట యందురు. దీనిమీఁద నెఱ్ఱని రంగుతో వ్రాసిన చిత్రములు గలవు. వ్రాసినవారి పేళ్లు మనకుఁ దెలియవు. ఏ జంతువు లున్నవో, ఏ రంగుపై నే రంగున్నదో మీరు చూచి వ్రాయుఁడు. ముట్టకుఁడు, తడుపకుఁడు.” పాఠ మింతియే. మునుపటిదానికంటె నిది పొట్టిది. కాని ప్రతివాక్యమునకు నాకాంక్షాయోగ్యతాసన్నిధులు గలవు. రాజుగారి వేఁట కథను నావలన విని నమ్మిన విద్యార్థు లెక్కడెక్కడ నుపాధ్యాయులై యున్నారో నాకుఁ దెలియదు. ఈ పత్రిక వారి చేతికిఁ జిక్కినచో, నా యీ యొప్పుకోలును జదివి తమ పాఠములను దిద్దుకొందురు గాక.