ఆరేళ్ల గీత: ద్విభాషిత, మెదడు అర్ధగోళాలపై జ్యోత్స్న వైద్ పరిశోధన – విశాఖ నేపథ్యంలో పరిశీలన

మెదడులో ఎడమ భాగం తర్కానికి, కుడి భాగం కవిత్వానికి నెలవన్న మాట సాహిత్య చర్చల్లో అప్పుడప్పుడు వినిపిస్తుంది. వినడానికి సొంపుగా ఉన్నా, శాస్త్రం చెప్పినది అది కాదు. మాట పడిపోయిన రోగుల మెదళ్లను 1861 నుంచి పరిశీలించిన పాల్ బ్రోకా, వాక్కుకు ఎడమ అర్ధగోళం ప్రధానమని 1865లో ప్రతిపాదించారు. ఆ ప్రతిపాదన నేటికీ స్థూలంగా నిలిచే ఉంది. అయితే రెండు భాషలతో పెరిగిన మనిషి విషయంలోనూ అది అలాగే వర్తిస్తుందా?

ఈ ప్రశ్నపై దీర్ఘకాలం కృషి చేసినవారిలో టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయానికి చెందిన జ్యోత్స్న వైద్ ముఖ్యులు. రేచెల్ హల్‌తో కలిసి 2007లో ఆమె ప్రకటించిన మెటా-విశ్లేషణ 66 ప్రయోగాత్మక అధ్యయనాలను ఒకచోట చేర్చి తూచింది. ఆరేళ్లలోపే రెండు భాషలూ నేర్చినవారిలో ఆ రెండింటికీ ఇరు అర్ధగోళాలూ పనిచేస్తున్నాయి. ఆ వయసు దాటాక రెండో భాష నేర్చినవారిలో రెండు భాషలకూ ఎడమదే పైచేయి. అంటే మాతృభాషకు ఒక అర్ధగోళం, పరభాషకు మరొకటి అన్న ఊహకు ఇక్కడ చోటు లేదు. చెల్లాచెదురుగా, పరస్పర విరుద్ధంగా ఉన్న ఫలితాలకు ఒక క్రమం కల్పించడం ఈ విశ్లేషణ సాధించిన మేలు.

చర్చించవలసింది ఆ ఆరేళ్ల గీతను. బడి మొదలయ్యేదీ దాదాపు ఆ వయసులోనే. విశాఖపట్నాన్ని చూస్తే చిక్కు తెలుస్తుంది. 1933లో ప్రారంభమైన ఓడరేవు, ఆ తరువాత వచ్చిన ఉక్కు కర్మాగారం ఈ నగరానికి ఒడియా, హిందీ, బెంగాలీ కుటుంబాలను రప్పించాయి. ఉక్కునగరం క్వార్టర్లలో ఇంట్లో ఒడియా, ఆటస్థలంలో తెలుగు మాట్లాడుతూ పెరిగే పిల్లవాడికి రెండో భాష చెవి ద్వారా, ఆరేళ్లలోపే అబ్బుతుంది. అరకు లోయలో ఆదివాసీ ఒడియాతో పెరిగి, బడిలోనే తెలుగును కలుసుకునే పిల్లకు అదే తెలుగు పలకతో, పాఠ్యపుస్తకంతో వస్తుంది. వీరిద్దరి మధ్య తేడా వయసొక్కటేనా, నేర్చిన దారి కూడానా? వయసునే గీటురాయిగా తీసుకుంటే రెండో కారణం మొదటిదాని చాటున దాగిపోతుంది. ఈ వ్యాసానికి ప్రధాన అభ్యంతరం ఇదే.

కొలిచే పద్ధతికీ అక్షరంతో పొత్తు ఉంది. చూపు కుడి పక్కన క్షణకాలం మెరిసిన పదం మొదట ఎడమ అర్ధగోళానికి చేరుతుంది. ఎడమ పక్కన మెరిసినది కుడికి. పదం చదవడం రానివారికి ఈ పరీక్ష పెట్టలేరు. రెండు చెవులకూ ఒకేసారి వేర్వేరు ధ్వనులు వినిపించే పరీక్షకు చదువు అక్కరలేదన్నది నిజమే. కానీ లిపి ప్రభావాన్ని వైద్ విస్మరించారనడం అన్యాయం. మహారాజ్ సింగ్‌తో కలిసి 1989లో ప్రకటించిన ముఖకవళికల అధ్యయనంలో ఆమె హిందీ, అరబిక్, ఉర్దూ చదువరులతో పాటు నిరక్షరాస్యులనూ పోల్చారు. చదివే అలవాటే చూపు మొగ్గును మార్చగలదన్న ఎరుక అందులో ఉంది. 2007 నాటి నిర్ధారణను ఆ ఎరుకతోనే మళ్లీ చదవాలి.

ఇందుకు హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం చేసిన కృషి తోడ్పడుతుంది. 648 మంది డిమెన్షియా రోగులపై 2013లో వెలువడిన అధ్యయనం, ద్విభాషుల్లో వ్యాధి లక్షణాలు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా కనిపించాయని, చదువు రానివారిలోనూ ఈ తేడా ఉందని చూపింది. 2016లో 608 మంది పక్షవాత రోగులను పరిశీలించినప్పుడు ద్విభాషుల్లో 40.5 శాతం మందికి, ఏకభాషుల్లో 19.6 శాతం మందికి మేధాశక్తి చెక్కుచెదరలేదు. మాట దెబ్బతినడంలో మాత్రం ఇరువర్గాల మధ్య చెప్పుకోదగిన తేడా లేదు.

వైద్ నిర్ధారణకు ఈ చివరి అంశం ఇబ్బందికరంగానే కనిపిస్తుంది. భాషను ఇరు అర్ధగోళాలూ మోస్తుంటే ఎడమ వైపు దెబ్బకు మాట కొంతైనా తట్టుకోవాలి కదా! తొందరపడనవసరం లేదు. ఆ ద్విభాషుల్లో ఎవరు ఆరేళ్లలోపు రెండో భాష నేర్చారో, ఎవరు పెద్దయ్యాక పనిచోట నేర్చారో విడదీయకుండా రెండు ఫలితాలనూ ఎదురెదురుగా నిలబెట్టలేము. విశాఖలో పక్షవాతంతో చేరే రోగి వివరాల్లో ‘తెలిసిన భాషలు’ అన్న గడి పక్కనే ఏ వయసులో, ఇంట్లోనా, వీధిలోనా, బడిలోనా, రేవులోనా అన్న ప్రశ్నలూ చేరితే ఆ విడదీత ఇక్కడి నుంచే మొదలుకాగలదు.