పరిచయాల బలం, పరిచయాల హద్దు

"అక్కడ మనవాళ్ళెవరైనా ఉన్నారా?" పరాయి దేశంలో ఉద్యోగం మారాలనుకునే తెలుగువాడి మొదటి ప్రశ్న ఇదే. అడగడం వల్ల లాభమెంత? ఈ విషయంలో సామాజిక శాస్త్రవేత్తలకే ఏకాభిప్రాయం లేదు.

1973లో అచ్చయిన ప్రసిద్ధ వ్యాసంలో మార్క్ గ్రానోవెటర్, బోస్టన్ శివారులో పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవారి సంగతి రాశాడు. సాయపడిన మనిషిని తరచుగా కలుస్తుండేవాళ్ళం అన్నవారు నూటికి 17 మందే. దగ్గరివాళ్ళకు తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది, కొత్త కబురు దూరపు పరిచయం మోసుకొస్తుందని ఆయన వాదన.

1997లో యాన్‌జీ బియాన్, సూన్ ఆంగ్ చైనాలోని తియాన్‌జిన్‌తో మన సింగపూరును పోల్చి చూశారు. ఇక్కడ లెక్క తిరగబడింది. ఉద్యోగాలు ఎక్కువగా దగ్గరి బంధాల ద్వారానే దొరికాయి. సాయం చేసేవాడు ముక్కూమొహం తెలియనివాడైతే, ఇద్దరికీ కావలసినవాడొకడు మధ్యన నిలిచాడు. కబురు కంటే పూచీకి విలువ ఎక్కువన్నమాట.

రెండూ మంచి అధ్యయనాలే. అయితే రెండూ కొలిచింది ఉద్యోగాన్ని. ఖాళీ ఉందన్న కబురు ఒక్క ఫోనుతో చేరుతుంది. ఏళ్ళనాటి బ్యాంకు ప్రోగ్రాములో ఎక్కడ చెయ్యి పెడితే ఏది ఆగిపోతుందో అలా చేరదు. తెలిసినవాడి పక్కన కూర్చోవాలి. ముందుగా, తెలియదని చెప్పుకోవాలి.

చిక్కు అక్కడే ఉంది. హైదరాబాదు, సిడ్నీలలో మన ఐటీ ఉద్యోగులను పరిశీలించి షియాంగ్ బియావో రాసిన 'గ్లోబల్ బాడీ షాపింగ్' (2007) చదివితే అది బోధపడుతుంది. ఎవరికి ఎవరు కావాలో ఎరిగిన మధ్యవర్తికి ఆ ఎరుకే సరుకు. ప్రాజెక్టు లేని రోజుల నష్టం బెంచి మీద కూర్చున్నవాడిది. కట్నం డబ్బు ఈ చదువులకూ ప్రయాణాలకూ ఎలా మళ్ళిందో కూడా ఆయన చూపాడు. ఉద్యోగం, పెళ్ళిసంబంధం, పరువు అదే నలుగురి నోటి మీదుగా నడిచేచోట "ఇది నాకు రాదు" అన్నది చాలా ఖరీదైన మాట. సిఫారసు చేసే బంధమే ప్రశ్నను గొంతులో ఆపేస్తుంది.

సింగపూర్ తెలుగు సమాజం 1975లో ఏర్పడింది. ఇలాంటి సంఘాల ఉగాది సభల్లో పూచీకి కొరత ఉండదు. పనిలో మెళకువ మాత్రం ఆఫీసులో పక్కసీటు తమిళుడో, చీనా మిత్రుడో చెప్పవచ్చు, ఎందుకంటే వాళ్ళ ముందు పోయే పరువు తక్కువ. మనవాళ్ళ ముందు కూడా అంత నిర్భయంగా అడగగలిగిన నాడు మన పరిచయాలకు నిజమైన బలం వస్తుంది.